వీలు మార్చాలి

"పాత వీలు పనికిరాదమ్మా, మార్చెయ్యాలి," కారు కింద నుంచి అరిచాడు మెకానిక్కు.

"మార్చేద్దాం. దాన్ని నమ్ముకునే ఇన్నాళ్ళూ తిరిగాను," అంది మేనత్త.

టీలు తెస్తున్న మేనల్లుడు షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వీలునామా మారుస్తావా అత్తా? ఇల్లు నాకు రాశావనేగా, నీ చాదస్తం భరిస్తూ డ్రైవరుగిరీ చేసింది!"

మెకానిక్కు బయటికొచ్చి, పగుళ్ళిచ్చిన ఇనప చక్రం ఎత్తి చూపించాడు.

"ఫ్లైవీలు బాబూ! మేం వీలనే అంటాం. క్లచ్చి ప్లేటుతో పాటు ఇదీ పోయింది."

"అబ్బే, ఊరికే హాస్యానికన్నానత్తా," అని నవ్వబోయాడు మేనల్లుడు.

లేని కొడుకు వీడేననుకున్న ఆవిడకు నవ్వు రాలేదు.

"నువ్వు ప్లేటు ఫిరాయించకురా," అని మెకానిక్కు వైపు తిరిగింది. "ఆ వీలు నువ్వు మార్చు నాయనా. వీడన్న వీలు నేను మారుస్తాను."