గులాబీ రంగు అట్టలు

తెల్లారి చూస్తే సగం అట్టలు లేవు.

"పైన బరువు పెట్టమని చెప్పానా లేదా?" అంది కొరీన్.

ఆమె భర్త లీలండ్ మిగిలిన అట్టలు లెక్కపెట్టసాగాడు. కెనడాలోని సస్కాచవాన్ మైదానంలో పుట్టినవాడికి అక్టోబరు గాలి సంగతి కొత్త కాదు. బద్ధకించాడు, అంతే.

కొత్త ఇంటి గచ్చు కింద పరవడానికి తెచ్చిన గులాబీ రంగు థర్మాకోల్ అట్టలవి. గచ్చులో వేడినీళ్ల గొట్టాలు వస్తాయి. కింద అట్టలు లేకపోతే ఆ వేడంతా మట్టిపాలే.

కొరీన్‌కి కీళ్లవాతం. చలి మొదలైతే పాదాలు నీలబడి అడుగు పడదు. అసలీ ఇల్లు కడుతున్నదే ఆ పాదాల కోసం.

ఎల్లుండి కాంక్రీటు లారీ వస్తుంది. అది తప్పిందా, నేల గడ్డకట్టేస్తుంది. ఇక చలికాలమంతా ఆ డొక్కు ట్రైలర్ బండిలోనే కాపురం.

అప్పుడే దారిమీద ఒక పాత పికప్పు ట్రక్కు కనిపించింది. వెనకాల గులాబీ రంగు అట్టలు, తాడేసి కట్టి ఉన్నాయి.

నడుపుతున్నది అవతలి పొలం ముసలాయన. ఆ దారుల్లో బండికి బండి ఎదురైతే స్టీరింగు మీంచి రెండు వేళ్లెత్తి పలకరించడం మర్యాద. ఈయన ఏనాడూ ఎత్తిన పాపాన పోలేదు. వేళ్లెత్తని మనిషిని అక్కడెవరూ నమ్మరు.

లీలండ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, పొద్దున్నే బాగానే ఏరుకున్నట్టున్నావే!"

ముసలాయన అద్దం దించాడు. "ఏంటి బాబూ?"

"ఏంటంటావేంటి? గాలికి ఎగిరొస్తే నీదైపోతుందా? అదిగో, మా ఆవిడ పాదాలు చూడు. ఆమె కాళ్లకింద పరిచేవే దొరికాయా నీకు? సిగ్గులేదూ?"

ముసలాయన అటు చూశాడు. కొరీన్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని పాదాలు రుద్దుకుంటోంది.

"కాంక్రీటు ఎప్పుడు?"

"ఎల్లుండి. నీకెందుకు?"

ఆయన దిగి తాడు విప్పాడు. "దించుకో."

ఒక్కో అట్టా తనే అందించాడు. కుడిచేతి తొడుగులో రెండు వేళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి. కోపంలో ఉన్న లీలండ్‌కి అది పట్టలేదు.

"ఈసారి బరువు పెట్టు బాబూ. మళ్లీ గాలొస్తుంది" అని చెప్పి ముసలాయన వెళ్లిపోయాడు.

గచ్చు పోసేముందు అట్టలమీద పేర్లు రాసుకోవడం అక్కడివాళ్లకో సరదా. కొరీన్ మొదటిరోజే అన్నిటిమీదా నీలిరంగుతో తన పేరు రాసింది.

"వీటిమీద నా పేరు లేదేంటి?"

"అడుగువైపుంటుందిలే."

అనుకున్న రోజుకి గచ్చు పడింది. చలికాలమంతా కొరీన్ వంటింట్లో మేజోళ్లు లేకుండా తిరిగింది. ముసలాయన ఊసే ఎత్తలేదు ఇద్దరూ.

ఏప్రిల్లో మంచు కరిగింది.

పొలం చివర మడుగు పక్కన, పొదల్లో ఏదో గులాబీ రంగు కనిపించి లీలండ్ దగ్గరికెళ్లాడు.

అట్టలు. ప్రతిదానిమీదా నీలిరంగులో కొరీన్ పేరు.

సిగ్గుతో చితికిపోయాడు. మడుగులోకి దిగి అన్నీ లాగి బండికెత్తాడు. కొరీన్ బెర్రీ పండ్లు కూరిన తీపి రొట్టె ఒకటి చేసి ఒళ్లో పెట్టుకుని బండిలో కూర్చుంది.

వాళ్లు వెళ్లేసరికి ముసలాయన ఇంట్లో ఒకామె సామాన్లు సర్దుతోంది.

"నాన్నా? ఫిబ్రవరిలో పోయాడండీ. న్యుమోనియా."

ఆమె వెనక తలుపు తీసి ఉన్న గదికి గచ్చు లేదు. వట్టి కంకర.

లీలండ్ దానివంకే చూస్తుంటే ఆమే చెప్పింది.

"నాన్న గదే. చలి పడదని వెచ్చటి గచ్చు పోయించుకుందామనుకున్నాడు. టౌన్లో కొన్న అట్టలు దారిలోనే ఎవరికో ఇచ్చేసి వచ్చాడు. వాళ్లు అడిగారా అంటే, 'పాపం, ఆ కుర్రాడికి అడగడం చేతకాలేదమ్మా, అందుకని నేనే ఇచ్చాను' అన్నాడు."