మట్టితో మెత్తిన గుండిగ

నా గుండిగని నీ పొయ్యిలో దింపి చుట్టూ మట్టితో మెత్తేశావు అత్తా, అదీ నన్ను నీళ్ళకి పంపి.

ఆరేళ్ళు నీ జొన్న బీరు కాచాక, సొంత పొయ్యి పెట్టుకుందామని కుదుగు ఊరి సంతలో తొమ్మిది గుండిగలు కొట్టి చూసి, మందపాటి అడుగున్నది ఏరుకున్నాను. ముంచబోయి చేతులు కాల్చుకోకుండా కింద ఇత్తడి కొళాయి బిగించుకున్నాను. ఇప్పుడా కొళాయి మట్టిలో కూరుకుపోయింది.

అడిగితే నవ్వావు. "గుండిగ ఎక్కడుంటే నువ్వూ అక్కడే పడుండవే, నొంగ్మా" అన్నావు.

నీకు చదువు రాదు. నీకొచ్చిన ఉత్తరాలన్నీ చదివిపెట్టేది నేనే. ఈ కార్డు కూడా నేనే చదువుతాను, రేపు పొద్దున, తాగడానికొచ్చిన వాళ్ళందరి ముందూ.

ఎల్లుండి సంతలోగా ఆ పొయ్యి పగలగొట్టు. లేదా ఎందుకు పగలగొట్టవో వాళ్ళకే చెప్పు.