ఏడు నుంచి తొమ్మిది దాకా

కలకత్తా వాట్‌గంజ్‌లో తెలుగువాళ్లుండే డాక్ క్వార్టర్ల సందులో బల్ల మీదికెక్కి, వార్డు కమిటీ తపన్‌దా తనకొచ్చిన హిందీలో శుభవార్త చెప్పాడు.

ఇకనుంచి కరెంటు కోత ఎప్పుడన్నది పైవాళ్లు నిర్ణయించరట. ఏ సందు కోత ఆ సందు ప్రజలదేనట. రోజుకి రెండు గంటలు. ఏ రెండు గంటలో ఆదివారం చేతులెత్తి చెప్పాలట.

క్రేను నడిపే బైరాగి అప్పుడే చెయ్యెత్తేశాడు. "దాదా, అసలు కోతే వద్దని ఓటెయ్యొచ్చా?"

"అది పై కమిటీ చూసుకుంటుంది," అన్నాడు తపన్‌దా.

పెద్ద చర్చేమీ జరగలేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అయితే మగవాళ్లు డాక్‌లో ఉంటారు, పిల్లలు బడిలో ఉంటారు. ఎవరికీ నష్టం లేదు. అందరూ లేవబోతుంటే అమ్మన్నమ్మ గొంతు వినిపించింది.

"నానొప్పుకోను. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా తీసెయ్యమను."

సందంతా నోరెళ్లబెట్టింది. ఎందుకంటే ఆ సందులో ఉన్న ఒకే ఒక్క టీవీ అమ్మన్నమ్మ ఇంట్లోనే ఉంది.

కొడుకు పోలిరాజు ఓవర్‌టైం చేసి కొన్న టీవీ అది. ఏడు కొట్టేసరికి సందు మొత్తం అక్కడే. మంచం మీద కొందరు, మంచం కింద పిల్లలు, కిటికీ చువ్వలకు ఇంకొందరు. డాక్ నుంచి వచ్చిన పోలిరాజు సొంతింట్లో చోటు దొరక్క గడప మీద కూర్చునేవాడు. కోడలు హైమ మూలన నిలబడి అందరికీ మంచినీళ్లు అందించేది. టీవీ ఉన్నవాళ్లు తలుపు వెయ్యకూడదన్నది ఆ సందులో ఎవరూ రాయని చట్టం.

"ఓలమ్మో, సొంత టీవీకే కోతెట్టుకుంతావేటి వదినా?" అంది నరసమ్మ.

"గుంటలు టీవీ సూసి సదువులు పాడుసేసుకుంతన్నారు."

"మరి సీకట్లో ఏటి సదువుతారు?"

"లాంతర్లు లేవేటి!"

ఆ మాట ఎవరూ నమ్మలేదు. కుళాయి దగ్గర అసలు కారణాలు తేలాయి. కరెంటు బిల్లు ఏడుపని కొందరు. నలుగురూ తన మంచం తొక్కుతున్నారన్న కడుపుమంట అని కొందరు. కోడలు ఓ మూల నిలబడి నాలుగు బొమ్మలు చూసినా ఓర్వలేని అత్త అని ఎక్కువమంది.

మొగుడు గవరయ్య కూడా ఆవిడ పక్షం లేడు. "నాను వార్తలెప్పుడు సూడాలే?"

"రేడియోలో ఇను."

"అమ్మా, పరువు తియ్యకే," అన్నాడు పోలిరాజు.

"నువ్వూరుకోరా. నీకేటి తెల్దు."

ఆదివారం లోపల అమ్మన్నమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఒక్కో గుమ్మంలో ఒక్కో కారణం చెప్పింది. చత్వారం వచ్చిన మహాలక్ష్మమ్మతో టీవీ వెలుగు కళ్లకు చెరుపంది. బైరాగి పెళ్లాంతో, నీ మొగుడు చూసేది బొమ్మనో, బొమ్మ ముందు కూర్చున్నవాళ్లనో కనుక్కోమంది. ఏదీ సరిగ్గా పారకపోయేసరికి ఆఖరి అస్త్రం తీసింది.

"కోత వేళకి అందరం గంగొడ్డుకి పోదాం. సల్లగాలి. పునుగులు నానే ఏసి తెస్తాను."

"రోజూనా?" అంది నరసమ్మ.

"మొదటి వారం రోజూ. తరవాత సూద్దాం."

ఆదివారం తపన్‌దా చేతులు లెక్కపెట్టాడు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ సమానంగా వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాడు. అమ్మన్నమ్మ మెడ చాచి సందంతా వెతికింది. ఇంకా చెయ్యెత్తనిది నరసమ్మ ఒక్కతే.

"పచ్చిమిరపకాయ ఎక్కువెయ్యాల," అంటూ నరసమ్మ సాయంత్రానికి చెయ్యెత్తింది.

ప్రజల భాగస్వామ్యం అంటే ఇదేనని తపన్‌దా బల్ల మీద నుంచి చాలాసేపు మెచ్చుకున్నాడు.

సోమవారం సరిగ్గా ఏడింటికి కరెంటు పోయింది. అలవాటు కొద్దీ సందంతా "హా" అంది. తర్వాత తామే కోరి తెచ్చుకున్నది గుర్తొచ్చి నవ్వుకుంటూ చాపలూ విసనకర్రలూ తీసుకుని బయల్దేరింది. గవరయ్య మాత్రం మంచం దిగలేదు.

"నానింట్లోనే ఉంతాను. మోకాళ్లు నొప్పి."

"నాను పట్టుకుంతాను గానీ, నువ్వు లెగు ముందు."

ఒక చేత్తో పునుగుల గిన్నె, రెండో చేత్తో మొగుడి రెక్క పట్టుకుని గడప దాటింది అమ్మన్నమ్మ. సందులో మనిషన్నవాడు మిగల్లేదని అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసింది.

పెళ్లయిన నాలుగు నెలలకు, ఆ ఒంటిగది ఇంట్లో కొడుకూ కోడలూ ఇద్దరే ఉండటం అదే మొదటిసారి.