పొయ్యి మీద పాకం

“పాకం ముదురుతుంది. జర ఆ మక్క ప్యాలాలు ఇటియ్యి,” అంది తిరుపతమ్మ, బెల్లం కలుపుతూ.

ఏసురత్నం ప్యాలాల గంప దగ్గరే కూర్చున్నాడు. కదలలేదు.

“పొద్దుగాల ఫోన్ వచ్చినకాడికెల్లి గట్లనే కూసున్నవు, ఏందయ్యా? సాయంత్రం పుణె బస్సుకు ముద్దల డబ్బా ఇయ్యాలె.”

“రేపు పంపుదాం తియ్యి.”

“రేపు పంపితే క్రిస్మస్ దాటిపోతది. సైట్ల పోరలందరికి పంచుతనన్నడు మన ప్రదీపు. ఆనికి పెట్టకముందే నువ్వు సగం బుక్కకు.”

అతను నవ్వలేదు.

పక్కింటి జములమ్మ మూత పెట్టిన అన్నం గిన్నెతో గడపలోకి వచ్చింది. ఆమె కొడుకూ, వీళ్ల కొడుకు ప్రదీప్‌తోనే పుణెలో బిల్డింగు సైటులో పనిచేస్తాడు. మండుతున్న పొయ్యిని చూసి అక్కడే ఆగిపోయింది.

“మాకెందుకు వదినా అన్నం?” అంది తిరుపతమ్మ.

జములమ్మ ఏసురత్నం వైపు చూసింది. “ఇంక చెప్పలేదా, అన్నా?”

అతను తల దించుకున్నాడు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లే అన్నం తెస్తారు. జములమ్మ మొగుడు పోయిననాడు ఆ ఇంటికి గిన్నె మోసింది తిరుపతమ్మే.

తిరుపతమ్మ పాకం గిన్నె దించింది. మండే కట్టెలను ఒక్కొక్కటే బయటికి లాగి నీళ్లు చల్లింది.

“లోపల పెట్టు, వదినా,” అంది.