నాలుగువందల పదమూడో తల

పొద్దుటి లెక్కలో మళ్ళీ ఒకరు ఎక్కువ వచ్చారు.

పుస్తకంలో ఖైదీల పేర్లు నాలుగువందల పన్నెండు. మైదానంలో తలలు నాలుగువందల పదమూడు. మూడు వారాలుగా ఇదే వరస. పాత సూపరింటెండెంటు పుస్తకం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. కొత్తగా వచ్చిన లగ్దమేయో తలలు లెక్కపెట్టిస్తాడు.

"పేర్లు పిలవండి," అన్నాడు లగ్దమేయో, టోపీ తీసి నెత్తి తుడుచుకుంటూ.

పిలిచారు. పలికినవాళ్ళు పలికినట్టు కాలవ దాటి అవతల నిలబడాలి. సరిగ్గా సగంలో దున్నలు పొలానికి బయల్దేరి జనం మధ్యలోంచి నడిచాయి. రోజూ ఆ వేళకే నడుస్తాయి. చివరికి పేర్లన్నీ అయిపోయాయి. ఇవతల ఎవరూ మిగల్లేదు. అవతల మాత్రం నాలుగువందల పదమూడు.

కస్యానో ఆ వరసలో చివరి నుంచి మూడోవాడు. చొక్కా కాస్త బిగుతు. అతని ముందుకొచ్చేసరికి లెక్కపెట్టే వార్డరు చెయ్యి నుదుటి దాకా లేచింది. దోమను తోలినట్టు తోలి దించేశాడు.

ఎక్కువైనది తనేనని కస్యానోకి తెలుసు. దున్న మూపు చాటున కాలవ దాటింది తనే. ఇక ఇక్కడ ఉండనక్కర్లేదని మనీలా నుంచి కాగితం వచ్చి రెండు నెలలైంది. ఇరవై రెండేళ్ళ వయసులో ఈ దీవికొచ్చాడు. ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. గోడ లేదు, కంచె లేదు. చుట్టూ మడ అడవి, నడుమ వరి. జైలంటే ఇంతే.

తన చొక్కా, బూట్లు అప్పజెప్పి పడవెక్కాడు. చెల్లెలి ఇంట్లో రెండు రోజులున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వచ్చింది. గంట మోగలేదు. లేచి పెరట్లో కోళ్ళని వరసలో నిలబెట్టబోయాడు. చెల్లెలు చూసి చేతిలో చెంబు కింద పెట్టింది. మూడో రోజు పడవలో వెనక్కొచ్చేశాడు. బెర్టింగ్ అనే ఖైదీ తన రెండో చొక్కా ఇచ్చాడు.

"ఒకప్పుడు నేను పారిపోతుంటే మడ బురదలోంచి నడుం పట్టుకుని లాక్కొచ్చావు," అన్నాడు బెర్టింగ్, అన్నంలో పెసరపప్పు కలుపుకుంటూ. "ఇప్పుడు పో నాయనా అంటే నువ్వే పోవు."

"అన్నం తిను."

"బయట పెసరపప్పులో రొయ్యలేస్తారు, మాంగ్ కస్యానో." పెద్దవాళ్ళని అక్కడ మాంగ్ అనే పిలుస్తారు.

"వేసుకోనీ."

లగ్దమేయో బాధ వేరు. ఒకడు తగ్గితే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. పారిపోయినవాడికి ఫారం ఉంది. మిగిలిపోయినవాడికి ఫారం లేదు. బుధవారం సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి మెల్లిగా అడిగాడు.

"మీలో ఎవరైనా ఒకరు పారిపోతారా?"

ముందు వరసవాళ్ళు కాస్త వెనక్కి జరిగి కూర్చున్నారు.

"ఒక్కరే. వెతికించను. మాటిస్తున్నా."

"కోతలు సార్," అన్నాడు వెనక నుంచి ఒకడు. "కోతలయ్యాక చూద్దాం."

"పడవ మీరే పెడతారా సార్?" అన్నాడు ఇంకొకడు. "నాకు ఈత రాదు."

నవ్వులు. లగ్దమేయో వార్డర్ల వైపు తిరిగాడు. "వాడెవడో మీకూ తెలీదా?"

వార్డర్లు కొబ్బరిచెట్ల వంక చూశారు.

"సరే. శనివారం జైళ్ళ డైరెక్టరుగారు వస్తున్నారు. ఆలోగా ఆ ఒక్కడు తేలకపోతే, సత్ప్రవర్తన కింద మీకు తగ్గించిన రోజులన్నీ కొట్టేస్తాను. అందరివీ."

నవ్వులు ఆగిపోయాయి.

ఆ రోజులు కలిస్తే బెర్టింగ్‌కి వచ్చే మంగళవారం విడుదల. కొట్టేస్తే ఇంకో మూడేళ్ళు. ఆ విడుదల పండగ కోసం ఊళ్ళో వాళ్ళమ్మ అప్పుడే పందిని మేపుతోంది. బెర్టింగ్ చొక్కా తిరిగివ్వమని అడగలేదు. రాత్రి కంచం సగంలోనే పక్కకి నెట్టాడు.

"తిను," అన్నాడు కస్యానో.

"ఆకలి లేదు. శనివారం కూడా దున్నలు నడుస్తాయిలే మాంగ్. నువ్వు బెంగపడకు."

శనివారం డైరెక్టరు గొడుగు కింద కూర్చున్నాడు. పేర్లు పిలిచారు. దున్నలు వచ్చాయి, వెళ్ళాయి. కస్యానో వాటితో కదల్లేదు.

కాలవ అవతల నాలుగువందల పన్నెండు మంది. ఇవతల పేడ కుప్పలు, కస్యానో.

"మాంగ్!" అని అవతల నుంచి బెర్టింగ్ గొంతు. వార్డర్లు టోపీలు సర్దుకున్నారు.

"దొరికావ్!" లగ్దమేయో పరిగెత్తుకొచ్చాడు. గొంతులో కోపం కంటే సంబరం ఎక్కువ. "ఏం కేసయ్యా నీది?"

"ఏ కేసూ లేదు సార్."

"అందరూ అనే మాటే. ఎన్నేళ్ళు?"

"ముప్పై నాలుగు."

"అయిపోయింది కదా. మరి పోవేం?"

కస్యానో కాలవ అవతలి వరసల వైపు చూశాడు. "బయట ఎవరూ ఎవర్నీ లెక్కపెట్టరు సార్."

బిగుతు చొక్కా గుండీ విప్పి, చెమటకి మెత్తబడ్డ కాగితం తీసి ఇచ్చాడు. లగ్దమేయో మడత విప్పి చదవడం మొదలుపెట్టాడు.

చదువుతుండగానే అతని మడమలు రెండూ దగ్గరికి చేరాయి, చెయ్యి దానంతటదే నుదుటికి లేచింది: అది ఈ జైలు హెడ్ వార్డరు కస్యానో రిటైర్మెంటు ఉత్తర్వు.