దశరథం చెవి

ఇరవై నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒక్కసారే నడుస్తున్నాయి. ఆ చప్పుడులో సాగర్ గొంతు చించుకుని అరిచాడు.

"కాకా! నేను కోరుట్ల నుంచి వచ్చిన! ఇంజనీర్ను!"

దశరథం అతని ముఖంలోకి చూసి నవ్వాడు. "ఎందుకు సారూ గట్ల మొత్తుకుంటవ్? మెల్లగ చెప్పు, సమజైతది."

కార్మికులందరూ నవ్వారు. సిరిసిల్ల కార్ఖానాల్లో అరవడం కొత్తవాళ్ల పని. ఇక్కడివాళ్లు ఈ మూల నుంచి ఆ మూలకు పెదవుల కదలికతోనే పెళ్లి సంబంధాలు కూడా మాట్లాడుకుంటారు. సాంచెల మధ్య పుట్టి పెరిగితే వచ్చే విద్య అది, ఏ కాలేజీలోనూ చెప్పరు.

సాగర్ తెచ్చిన పెట్టె బల్లమీద ఉంది. ఒక్కో సాంచెకు ఒక్కో చిన్న మైకు తగిలించాడు. ఏ సాంచె చప్పుడు తేడాగా ఉన్నా పెట్టె పట్టేస్తుందట. పోయిన నెల ఒక సాంచె చెడి, బడిపిల్లల యూనిఫాం గుడ్డ పాడై వెనక్కి వచ్చింది. ఆ రోజు, సాంచెలు బాగుచేసే దశరథం బంధువుల పెళ్లికని జగిత్యాల వెళ్లాడు. యజమాని నరేందర్ అప్పుడే అనుకున్నాడు, ఒక్క మనిషి మీద ఆధారపడితే లాభం లేదని.

"తప్పు పట్టుకోకు కాకా," అన్నాడు నరేందర్ ఎదురుగా వచ్చి నిలబడి. "నీకు అరవై దగ్గరవడ్డయి. పొద్దుగాల నేనొక సాంచెకు ఒక నట్టు వదులు చేసిన. ఏ సాంచెకో నాకొక్కనికే ఎరుక. పెట్టె దొరకవట్టితే పెట్టెను ఉంచుకుంట. నువ్వు దొరకవట్టితే..."

"నన్ను ఉంచుకుంటవ్. గంతే గద సేటు? కానియ్."

తేలిగ్గా అన్నాడు కానీ, దశరథానికి సాంచెల రిపేరు తప్ప వేరే పని రాదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఆ పూట తెచ్చిన టీ గ్లాసుల్లోనే చల్లారిపోయింది.

దశరథం చెవి అంటే మాటలు కాదు. వేములవాడ రోడ్డు మీది కార్ఖానాల వాళ్లు కూడా స్కూటర్ పంపించి తీసుకుపోయేవారు. డాక్టరు రోగం చెప్పినట్టు సాంచె రోగం చెప్పేవాడు. అంత పేరున్నా ఫోన్ మాత్రం పెట్టుకోడు. అడిగితే "పొద్దంత గా డబ్బ చెవికి వెట్టుకుంటే చెవి ఖరాబైతది" అంటాడు. వెనక నుంచి ఎంత పిలిచినా పలకడు. పని ఉన్నవాడు ముందుకొచ్చి చెప్పుకోవాల్సిందే. పనిమంతుడికి ఆ మాత్రం పొగరు ఉంటుందని ఊరే సర్దుకుపోయింది.

సాగర్ మీట నొక్కాడు. పది నిమిషాలకు పెట్టె ఒక నంబరు చూపించింది.

"తొమ్మిది!" అన్నాడు సాగర్ ఉత్సాహంగా.

నరేందర్ ఆ నంబరు రాసుకున్నాడు. దశరథం వైపు చూశాడు.

దశరథం రోజూ చేసినట్టే చెప్పులు గుమ్మం దగ్గర విడిచాడు. అన్నం పెట్టే జాగాలో చెప్పులతో నడవడం ఆయనకు గిట్టదు. వరసలోకి దిగి, ఒక్కో సాంచెను అరచేత్తో తాకి కళ్లకద్దుకుంటూ నడిచాడు. తొమ్మిదో దాని దగ్గర కాస్త ఆగాడు. మళ్లీ కదిలాడు. పదిహేడు దాటిపోయాడు. కార్మికుల్లో పెద్దవాడైన వీరేందర్ మిగిలిన సాంచెలు లెక్కపెట్టుకున్నాడు, ఇంక ఏడే.

నాలుగడుగులు వేసిన దశరథం వెనక్కి వచ్చాడు. పదిహేడో సాంచె మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"గిదే సేటు. షటిల్‌ను కొట్టే కట్టె ఉంటది గద, దాని కింది నట్టు వదులైంది. ఇంకో పూట నడిపితే గుడ్డ చెడ్తుండె."

సాంచె ఆపించి నరేందర్ పానా పెట్టాడు. నట్టు గిర్రున తిరిగింది. "ఇదే!" అన్నాడు. వీరేందర్ ఈల వేశాడు. సాగర్ ముఖం వాడిపోయింది.

దశరథం అతని దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. "నీ పెట్టె గూడ అబద్ధం చెప్పలే తమ్మీ. తొమ్మిదో దాన్ల బేరింగ్ ఎండింది. రెండు చుక్కలు నూనె పొయ్యుండ్రి."

వీరేందర్ విప్పి చూశాడు. నిజమే.

సాగర్ ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. "నాయి ఇరవై నాలుగు మైకులు. నీవి రెండే చెవులు. ఎట్ల కాకా?"

"చెవులు వెడితే సరిపోదు తమ్మీ. ఒళ్లంత వెట్టాలె. నేను నలభై ఏండ్లు వెట్టిన."

నరేందర్ కళ్లు చెమర్చాయి. "పెట్టె ఉంటది, కాకా గూడ ఉంటడు. పెట్టె కాకా దగ్గర పని నేర్చుకుంటది!" అన్నాడు. కార్ఖానా అంతా చప్పట్లు కొట్టింది. తమ ఊరి మనిషి మిషన్‌ను గెలిచినందుకు ప్రతివాడూ తానే గెలిచినంత పొంగిపోయాడు.

దశరథం ఇల్లు చేరేసరికి భార్య బాలమ్మ గుమ్మంలో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది. ఆయన ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమన్నరు?" అంది ఆత్రంగా.

"ఉండుమన్నరు. నా అసోంటి చెవి జిల్లల లేదన్నరు."

బాలమ్మకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుతూ ఏదో అంది. దశరథం ముందుకు వంగి ఆ కొంగు పక్కకు జరిపాడు.

"గిప్పుడు చెప్పు. ఏమంటున్నవ్?"

"గీ ముచ్చట ఇంకెన్నొద్దులు దాస్తవ్ అంటున్న."

"ఒక్కనాడన్న నా పనికి అడ్డమొచ్చిందా?" అన్నాడు దశరథం మీసం దువ్వుకుంటూ.

దశరథానికి చెవులు వినబడక పదకొండేళ్లయింది.