ఒక్క నట్టూ ఊడలేదు

"సార్ లేరాండీ?" రెండు చేతుల్లోని పెట్టెలూ, చంకలోని మూడో పెట్టే కిందికి దించుతూ అడిగాడు సేల్స్‌మన్.

"సార్ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు మేస్త్రిని నేనే. ఏం తెచ్చావ్?" లారీ చక్రం ముందు పీట వేసుక్కూర్చున్న ఆవిడ తల తిప్పకుండానే అంది.

అతను నాలిక కరుచుకున్నాడు. మొదలే బాగాలేదు.

మూడు వారాల క్రితం దాకా అతను మిక్సీలు అమ్మేవాడు. గాలితో నట్లు తిప్పే ఈ ఎయిర్ గన్నుల ఉద్యోగం బావమరిది వేయించినది. ఇవాళ సాయంత్రంలోగా ఒక్కటైనా అమ్మకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు మేనేజరు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. బావమరిది జాలిగా చూసే చూపుని ఎక్కడ పెట్టుకోవాలి? పొద్దుట్నుంచి తొమ్మిది షెడ్లు తిరిగాడు. తొమ్మిది చోట్లా మంచినీళ్ళిచ్చి మర్యాదగా పంపేశారు.

"చిన్నది, మధ్యది, పెద్దది, మూడూ తెచ్చానమ్మా. నా మాట విని పెద్దది కళ్ళు మూసుకుని తీసేసుకోండి."

"కళ్ళు మూసుకుంటే ఈ పనిలో వేళ్ళు మిగలవు నాయనా. నా పాత గన్ను పొద్దున్నే ప్రాణం విడిచింది. చేత్తో చేద్దామంటే ఈ భుజం లేవనంటోంది. గన్ను కావాలి, కాదనను. చూడకుండా మాత్రం కొనను."

"చూపిస్తా కదమ్మా! దేనిమీద చూపించమంటారు?"

"ఇదుగో, ఎనిమిది నట్లున్నాయి" అంటూ పీట జరిపింది మేస్త్రమ్మ.

లారీకి ఎడమవైపు ముందు చక్రం అది. నట్లన్నీ తుప్పు రంగులో ఉన్నాయి. పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్న డ్రైవరు గడియారం చూసుకున్నాడు.

"అక్కా, పన్నెండు దాటితే గోడౌన్ గేటు మూసేస్తారు."

"ఉండు తమ్ముడూ. కంపెనీ నుంచి వచ్చారు. నన్నూ నాలుగు ముక్కలు నేర్చుకోనీ."

సేల్స్‌మన్‌కి ఉత్సాహం వచ్చింది. చిన్న గన్నుకి గాలి గొట్టం తగిలించి, మిక్సీ బటన్లు చూపించినట్టే ఓపిగ్గా చూపించాడు. "ఈ మీట చూశారా అమ్మా? కుడికి పెడితే నట్టు బిగుస్తుంది, ఎడమకి పెడితే ఊడుతుంది."

"అబ్బో!" అంది మేస్త్రమ్మ. డ్రైవరుకి పొలమారింది.

అతను మీట ఎడమకి పెట్టి గన్ను నొక్కాడు. నట్టు పావు చుట్టు తిరిగింది.

"కదిలింది! చూశారా?"

"చూశా, చూశా. కదిలింది."

అంతే, ఆ తర్వాత గన్ను ఎంత దడదడలాడినా నట్టు మొరాయించింది. "బాగా తుప్పు పట్టిందమ్మా" అన్నాడు నొచ్చుకుంటూ.

"సరే, దాని ఎదురుగా ఉన్నది పట్టు."

"పక్కది దగ్గర కదా?"

"ఎదురుది."

పెద్దావిడ చాదస్తం అనుకుని ఎదురుది పట్టాడు. అదీ అంతే. మేస్త్రమ్మ చేతి పానాకి పొడుగాటి పైపు తొడిగి, నట్టుకి తగిలించి కాలితో తొక్కింది. నట్టు ఇంకాస్త జరిగింది.

"అదుగో, ఊడుతోంది! ఇంకొంచెం తొక్కండమ్మా!"

"గన్ను వదిలేశాక నా కాలికి జరిగిందంటే దానికి బలం చాల్లేదని. తీసెయ్యి."

పెద్ద గన్ను ఎత్తడానికి అతనికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. నొక్కగానే షెడ్డు రేకులు అదిరాయి. ఒక్క నట్టుకే గాలి నింపే కంప్రెసర్ మీటరు ముల్లు సగానికి పడిపోయింది. నట్టు మాత్రం ఊడలేదు.

"ఆపు, ఆపు! బోల్టు తెగ్గొట్టేలా ఉన్నావ్" అని అతని చెయ్యి పట్టుకుంది మేస్త్రమ్మ. "దీనికి గాలి పొయ్యడం నా కంప్రెసర్ వల్ల కాదు. రోజంతా ఇది మోస్తే రెండో భుజమూ నీకే ఇచ్చెయ్యాలి."

ఇక మిగిలింది మధ్యది. దాన్ని తగిలించాడు. నట్టు పావు చుట్టు తిరిగి బిర్ర బిగుసుకుపోయింది. మేస్త్రమ్మ పైపు మీద కాలేసి తొక్కింది. కదల్లేదు. డ్రైవరు భుజం పట్టుకుని పైపు మీద ఎక్కి నిలబడింది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఇదీ గన్నంటే!" అంది మొహమంతా నవ్వుతో. "మిగతావీ పట్టు."

"ఇదీ ఊడదీయట్లేదు కదమ్మా?"

"నువ్వు కానీయ్. మొదటి రెండూ కూడా దీంతో ఇంకోసారి."

ఎనిమిది నట్లూ అయ్యేసరికి అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక్కటీ దారికి రాలేదు. బావమరిది చూపు అప్పుడే మెడ మీద తగులుతున్నట్టయింది. గన్నులు సర్దడం మొదలుపెట్టాడు.

"ఆ మధ్యది పెట్టెలో పెడతావేం? అది నాది. రసీదు రాయి."

అతను బిక్కమొహం వేశాడు. "ఎగతాళి చెయ్యకండమ్మా. నాకు మిక్సీలే నయం. ఒక్క నట్టూ ఊడలేదు."

"ఊడలేదనే తీసుకుంటున్నా."

అతను రసీదు పుస్తకం తియ్యబోయి ఆగాడు. ఇంతలో డ్రైవరు లారీ ఎక్కి స్టార్ట్ చేశాడు. బండి షెడ్డు దాటి రోడ్డెక్కింది.

"అమ్మా, వెళ్ళిపోతున్నాడు! చక్రం ఇంకా విప్పనే లేదు కదా!"

మేస్త్రమ్మ గుడ్డకి చేతులు తుడుచుకుని అతని భుజం తట్టింది.

"ఆ పాత బండికి ఎడమవైపు నట్లు ఎడమకి తిప్పితేనే బిగుస్తాయి నాయనా."